రావ్4 ప్రైమ్‌కి ఇంట్లో 240 వోల్టుల లైన్ కావాలా, హ్యూస్టన్ వెళ్ళేటప్పుడు దారిలో ఛార్జ్ పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ: 2022 రావ్4 ప్రైమ్ (ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే, గ్యాస్ అంటే పెట్రోల్ మీద కూడా నడిచే టొయోటా హైబ్రిడ్) ఎస్‌ఈ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో సొంతిల్లు, గరాజ్‌లో 50 ఆంప్స్ లైన్ లాగడానికి ఎలక్ట్రీషియన్ 1,400 డాలర్లు అడుగుతున్నాడు, ఇవ్వాలా వద్దా. ఇంకోటి, నెలకోసారి హ్యూస్టన్‌లో మీ అక్కావాళ్ళింటికి వెళ్తుంటారు, దారిలో ఎక్కడ ఆగి ఛార్జ్ పెట్టుకోవాలి. నేను ప్లేనోలో ఉంటాను, నాదీ ఇదే కారు, ఇదే ఎస్‌ఈ, కొన్న దగ్గర్నుంచి మామూలు గోడ ప్లగ్గు మీదే నడుస్తోంది. అందుకే సూటిగా చెప్పేస్తున్నా, ఆ 1,400 ఇప్పుడే పెట్టకండి, దారిలో ఛార్జింగ్ కోసం అసలు ఆగకండి. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

ముందు కారు సంగతి. దీంట్లో బ్యాటరీ 18.1 యూనిట్లది, కానీ మొత్తం వాడనివ్వదు, కొంత కారే రిజర్వ్‌లో ఉంచుకుంటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం ఫుల్ ఛార్జ్‌కి 42 మైళ్ళు, 100 మైళ్ళకి 36 యూనిట్లు. అంటే ఖాళీ నుంచి ఫుల్‌కి గోడలోంచి లాగేది సుమారు 15 యూనిట్లు. మామూలు 120 వోల్టుల ప్లగ్గు, 12 ఆంప్స్ దగ్గర, అంటే 1.4 కిలోవాట్ చిల్లర, దాంతో టొయోటా చెప్పే టైమ్ 12 గంటలు. సాయంత్రం ఏడింటికి పెడితే పొద్దున్న ఏడింటికి ఫుల్. మీరు రోజుకి 30 నుంచి 40 మైళ్ళే అంటున్నారు, అంతకన్నా ఏం కావాలండీ.

ఇప్పుడు ఆ 50 ఆంప్స్ లైన్ సంగతి. ఎస్‌ఈలో కారు లోపల ఉండే ఛార్జర్ 3.3 కిలోవాట్లే, గోడకి ఎంత పెద్ద డబ్బా తగిలించినా కారు అంతకన్నా ఒక్క వాట్ కూడా ఎక్కువ తీసుకోదు. 3.3 అంటే 240 వోల్టుల మీద 14 ఆంప్స్ లోపే. ఇండియాలో మన ఇళ్ళల్లో గీజర్‌కి పెట్టే 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు లాంటిది ఉంటే ఈ కారుకి అక్కడితో సరి. దానికోసం 50 ఆంప్స్ వైరు లాగించడం దేనికి? దీని పై మోడల్ ఎక్స్‌ఎస్‌ఈల్లో కొన్నింటికి మాత్రం 6.6 కిలోవాట్ల ఛార్జర్ వచ్చింది, అవి 240 మీద రెండున్నర గంటల్లో నిండుతాయి, మనవి నాలుగున్నర గంటలు. మీ ఎలక్ట్రీషియన్‌కి ఈ తేడా తెలిసుండదు, ఈవీ అనగానే అందరికీ ఒకటే కొటేషన్ రాసిస్తారు.

ఒకవేళ రేపు టెస్లానో ఇంకో ఫుల్ ఈవీనో కొనే ఆలోచన గట్టిగా ఉంటే అది వేరే లెక్క, అప్పుడు పెద్ద లైన్ ఒకేసారి లాగించుకోవడం మంచిదే. ఆ 50 ఆంప్స్ లైన్‌కి పెట్టే 14-50 రకం సాకెట్ మాత్రం చవకది పెట్టనివ్వకండి, గంటల తరబడి కరెంటు లాగితే చవక సాకెట్లు కరిగిపోయిన ఫోటోలు చాలానే చూశాను. ఇండస్ట్రియల్ గ్రేడ్‌దే పెట్టమనండి, లేదా సాకెట్ లేకుండా నేరుగా వైరింగ్ చేయించుకోండి.

డబ్బు లెక్క ఒకసారి చూద్దాం. నా బిల్లులో డెలివరీ ఛార్జీలు కలిపి యూనిట్ 15 సెంట్ల దగ్గర పడుతుంది, సో ఫుల్ ఛార్జ్ రెండుంబావు డాలర్లు. అదే 42 మైళ్ళు గ్యాస్ మీద వెళ్తే, ఈ కారు హైబ్రిడ్ మోడ్‌లో గ్యాలన్‌కి 38 మైళ్ళు ఇస్తుంది కాబట్టి గ్యాలన్ పైన కొంచెం, గ్యాలన్ 2.80 ఉంటే మూడు డాలర్ల పది సెంట్లు. అంటే ఒక ఫుల్ ఛార్జ్ మీద మిగిలేది డాలర్ కూడా కాదు. చాలామందికి ఈ మాట నచ్చదు కానీ టెక్సాస్‌లో గ్యాస్ చవక, అందుకే అంతే. నేను ప్లగ్ పెట్టేది డబ్బు ఒక్కదాని కోసమే కాదు. పొద్దున్నే చప్పుడు లేకుండా బయల్దేరడం, పిల్లల్ని స్కూల్ దగ్గర దింపే లైన్‌లో పొగ లేకుండా నిలబడటం, గ్యాస్ బంక్ మొహం చూసి వారాలు గడవడం, ఇవి నాకు నిజంగా ఇష్టం. కానీ వీటన్నిటికీ 120 వోల్టుల ప్లగ్గు చాలు, 1,400 పెట్టినా ఇందులో ఒక్కటీ పెరగదు.

అదే లెక్క బయట వేసి చూడండి. పబ్లిక్ ఛార్జర్ దగ్గర యూనిట్ 45 సెంట్లు అనుకుంటే 15 యూనిట్లకి దాదాపు ఏడు డాలర్లు, అంటే గ్యాస్ కన్నా రెట్టింపు పైనే! కొన్నిచోట్ల యూనిట్‌కి కాకుండా గంటకి ఇంత అని తీసుకుంటారు, అది మనకి ఇంకా నష్టం, ఎందుకంటే గంటకి రెండు డాలర్లు అంటే వేరే కారు ఆ గంటలో 7 యూనిట్లు నింపుకుంటుంది, మనది 3.3 మాత్రమే, యూనిట్ 60 సెంట్లు పడిందన్నమాట. ఛార్జ్ పెట్టే ముందు యాప్‌లో ఆ రేటు ఎలా కడుతున్నారో చూడండి, ఛార్జ్ నిండాక కూడా కారు అక్కడే ఉంచితే ఐడిల్ ఫీజు అని ఇంకోటి కూడా ఉంటుంది.

ఇక ఫాస్ట్ ఛార్జర్ల గురించి అడిగారు. మన కారుకి ఉన్నది జే1772 పోర్ట్, అది ఏసీ (ఇంట్లో వచ్చే రకం కరెంటు) ఛార్జింగ్‌కి మాత్రమే, పెద్ద పెద్ద డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ల సీసీఎస్ ప్లగ్గు అందులో పట్టదు, టెస్లా సూపర్‌ఛార్జర్ ఏ అడాప్టర్ పెట్టినా పనిచేయదు. హోటళ్ళ దగ్గర గోడకి ఉండే టెస్లా డెస్టినేషన్ ఛార్జర్లు మాత్రం ఏసీవే, టెస్లా నుంచి జే1772కి మార్చే అడాప్టర్ ఉంటే చాలావాటి మీద ఛార్జ్ అవుతుంది, కొన్నింటిని టెస్లా కార్లకి మాత్రమే అని సెట్ చేసి పెడతారు, అవి అవ్వవు. రాత్రి హోటల్లో ఉండేటప్పుడు ఫ్రీగా ఉంటే పెట్టుకోండి, నేనూ శాన్ ఆంటోనియో వెళ్ళినప్పుడు అలాంటి హోటల్ చూసే బుక్ చేస్తాను. కానీ ఒక్క విషయం, అక్కడ ఫుల్ ఈవీ వాళ్ళు వెయిట్ చేస్తుంటే మనం తప్పుకోవాలండీ. మనకి ట్యాంక్‌లో గ్యాస్ ఉంది, వాళ్ళకి ఆ ప్లగ్గే దిక్కు. ఛార్జ్ అయిపోయాక అర్ధరాత్రైనా కిందకెళ్ళి తీసేస్తాను, ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

మీ హ్యూస్టన్ ట్రిప్‌కి వస్తే, ఫ్రిస్కో నుంచి సుమారు 265 మైళ్ళు, ఎక్కువ భాగం ఐ-45 హైవేనే. 75 మైళ్ళ స్పీడ్‌లో పోతుంటే కరెంటు మీద 42 మైళ్ళు ఎప్పుడూ రావు, హైవే స్పీడ్‌లో బ్యాటరీ గబగబా దిగిపోతుంది. నేను చేసేది ఏంటంటే ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరతా, ఊళ్ళో ట్రాఫిక్ దాటేవరకు ఈవీ మోడ్ (కరెంటు మీదే), హైవే ఎక్కగానే హెచ్‌వీ (హైబ్రిడ్) బటన్ నొక్కేస్తా, బ్యాటరీ అలాగే ఉంటుంది, హ్యూస్టన్ పొలిమేరల్లో ట్రాఫిక్ మొదలవగానే మళ్ళీ ఈవీ. ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి కూడా వస్తుంది, కరెంటు ఖర్చుపెట్టాల్సింది అక్కడ. ఆ బటన్‌నే కాసేపు నొక్కి పట్టుకుంటే ఇంజిన్‌తో బ్యాటరీ ఛార్జ్ చేసే మోడ్ వస్తుంది, అది వాడకండి, గ్యాస్ కాల్చి కరెంటు తయారుచేసి మళ్ళీ దాంతో నడపడం శుద్ధ దండగ. ట్యాంక్ పద్నాలుగున్నర గ్యాలన్లు, బ్యాటరీతో కలిపి ఈపీఏ రేంజ్ 600 మైళ్ళు, వెళ్ళేటప్పుడు మధ్యలో నింపాల్సిన పని లేదు. ఎన్నిస్‌లోనో మ్యాడిసన్‌విల్‌లోనో బకీస్ గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగితే కాఫీకీ బాత్‌రూమ్‌కీ ఆగండి, ఛార్జింగ్‌కి కాదు.

కేబుల్ మాత్రం డిక్కీలో వేసుకెళ్ళండి. మీ అక్కావాళ్ళ గరాజ్‌లో రాత్రి ప్లగ్ పెడితే పొద్దున్నకి ఫుల్. వాళ్ళ కరెంటు రెండు డాలర్లదే కదా, బావగారు ఏమీ అనుకోరు లెండి, కానీ పెట్టేముందు ఆ ప్లగ్గు సర్క్యూట్ మీద ఇంకేం ఉన్నాయో అడగండి.

ఈ సర్క్యూట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అసలు ఇబ్బంది అంతా ఇక్కడే వస్తుంది. మనవాళ్ళందరి గరాజ్‌లోనూ రెండో ఫ్రిజ్ ఉంటుంది కదా, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ, కారప్పొడులు, ఫ్రీజర్‌లో గోంగూర, కొబ్బరి తురుము, ములక్కాడలు అన్నీ అందులోనే. గరాజ్‌లో రెండు మూడు ప్లగ్గులు కనపడినా చాలా ఇళ్ళలో అవన్నీ ఒకే బ్రేకర్ మీద ఉంటాయి, ఒక్కోసారి బయట వరండా ప్లగ్గు కూడా అదే లైన్. కారు 12 ఆంప్స్ గంటల తరబడి లాగుతుంటే మధ్యలో ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అవగానే 15 ఆంప్స్ బ్రేకర్ కొట్టేస్తుంది. కారు ఛార్జ్ ఆగితే పోయేదేం లేదు, గ్యాస్ మీద పోతాం, కానీ ఫ్రిజ్ ఆగిన సంగతి ఎవరికీ తెలియదు, మర్నాడు సాయంత్రం తలుపు తీస్తే కింద నీళ్ళ మడుగు! కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, బ్రేకర్ ప్యానెల్ దగ్గరికెళ్ళి గరాజ్ అని రాసున్నది ఆఫ్ చేయండి, ఏవేవి ఆగాయో ఒక లైటో ఫోన్ ఛార్జరో పట్టుకుని ప్లగ్గు ప్లగ్గుకీ చూడండి. ఫ్రిజ్ అదే లైన్ మీద ఉంటే దాన్ని వేరే లైన్‌కి మార్చండి, కుదరకపోతే కారు మెనూలో కరెంటు 8 ఆంప్స్‌కి తగ్గించి చూడండి, టైమ్ ఎక్కువ పడుతుంది అంతే.

ఎక్స్‌టెన్షన్ కార్డ్ అసలు వద్దు. మొదటి రాత్రి ఛార్జ్ పెట్టిన గంటకి వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, కొంచెం గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసేసి ఆ సాకెట్ మార్పించండి. పాత ఇళ్ళల్లో సాకెట్ లోపల స్ప్రింగ్ వదులైపోయి ఉంటుంది, ప్లగ్గు దాని బరువుకి అదే వంగుతుంది, అలాంటిది కనపడితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. మంచి సాకెట్ కొన్ని డాలర్లు, ఇల్లు కాలితే ఏం చేస్తాం.

120 మీద మీకు నిజంగా సరిపోకపోతే, ఉదాహరణకి పొద్దున్న ఆఫీసుకెళ్ళొచ్చి సాయంత్రం మళ్ళీ పిల్లల కూచిపూడి క్లాసు, అక్కడ్నుంచి గుడి అని రెండో రౌండ్ తిరుగుతుంటే, అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని ఇలా అడగండి: గరాజ్‌లో ఒకే ఒక్క సాకెట్‌కి వచ్చే 20 ఆంప్స్ లైన్ ఏదైనా ఉందా, ఉంటే ఉన్న వైరుతోనే బ్రేకర్, సాకెట్ మార్చి 240 వోల్టుల నీమా 6-20 రకం సాకెట్ చేసిస్తావా అని. దాని మీద 16 ఆంప్స్ వరకు వాడొచ్చు, అంటే 3.8 కిలోవాట్లు, ఎస్‌ఈకి కావాల్సిన దానికన్నా ఎక్కువే. కొత్త వైరు లాగే పని లేదు, గోడ పగలగొట్టే పని లేదు, 1,400తో పోలిస్తే చాలా తక్కువలో అయిపోతుంది. ఆ లైన్ మీద ఇంకే సాకెట్ ఉండకూడదు, ఇది మాత్రం తప్పనిసరి, పర్మిట్ సంగతి కూడా అతన్నే చూడమనండి.

రాత్రి కరెంటు ఫ్రీ అనే ప్లాన్‌కి మారాలా అని కూడా అడిగారు. నేనైతే మారలేదు. ఆ ప్లాన్లలో పగటి రేటు ఎక్కువ ఉంటుంది, జులై ఆగస్టుల్లో మన ఏసీ మధ్యాహ్నం నుంచి ఆగకుండా తిరుగుతుంది, కారు మీద మిగిలేదానికన్నా ఏసీ మీద పోయేదే ఎక్కువ కావచ్చు. స్మార్ట్ మీటర్ డేటా డౌన్‌లోడ్ చేసి మీ ఇంట్లో గంట గంటకీ ఎంత వాడుతున్నారో చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

చలికాలంలో ఈవీలో పెట్టినా ఇంజిన్ ఆన్ అవుతోందేంటి అని కంగారు పడొద్దు, బాగా చలిగా ఉన్నప్పుడు క్యాబిన్ వేడి కోసం అదే ఆన్ అవుతుంది, ముందు అద్దం డీఫ్రాస్ట్ నొక్కినా అంతే. బయల్దేరేముందు ప్లగ్‌లో ఉండగానే క్యాబిన్ వేడి చేసుకుంటే బ్యాటరీ మైళ్ళు కొంత మిగులుతాయి. బ్యాటరీ పాడైపోతుందేమో అని రోజూ 100 దాకా పెట్టడానికి భయపడక్కర్లేదు, పైన చెప్పినట్టు కొంత రిజర్వ్‌లో ఉంటుంది, పైగా 10 ఏళ్ళు లేదా 150,000 మైళ్ళ బ్యాటరీ వారంటీ సెకండ్ హ్యాండ్ ఓనర్‌కి కూడా వస్తుంది. ఎండాకాలం మాత్రం ఇంటికి రాగానే కాకుండా పొద్దున్న బయల్దేరే టైమ్‌కి నిండేలా కారులోనే షెడ్యూల్ పెట్టుకోండి, గరాజ్ కొంచెం చల్లబడ్డాక ఛార్జ్ అవ్వడం బ్యాటరీకి మంచిది.

కింద కామెంట్‌లో ఒకరు ఇండియాలో వాళ్ళ నాన్నగారి హైక్రాస్‌కి కూడా ఇలా ప్లగ్ పెట్టొచ్చా అని అడిగారు. పెట్టలేరండీ, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కి గానీ గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి గానీ ఛార్జింగ్ పోర్ట్ ఉండదు, బ్యాటరీ చాలా చిన్నది, ఇంజిన్, బ్రేకుల నుంచే నిండుతుంది.

మీ బ్రేకర్ ప్యానెల్ తలుపు లోపల అంటించిన లేబుల్ ఫోటో ఒకటి, గరాజ్‌లో సాకెట్లు ఎక్కడెక్కడున్నాయో ఒకటి ఇక్కడ పెట్టండి. 20 ఆంప్స్ లైన్ ఉందో లేదో, ఎలక్ట్రీషియన్‌ని సరిగ్గా ఏమని అడగాలో చూసి చెప్తాను.