మిరపలో ముడతకు మూడు మందులు కలిపి పిచికారీ చేయవచ్చా?

మిరప తోటలో ఆకులు ముడుచుకుంటున్నాయని, దుకాణంలో ఇచ్చిన మూడు మందులను ఒకే ట్యాంకులో కలిపి పిచికారీ చేయవచ్చా అని మీరు అడిగారు. గుంటూరు దగ్గర చాలా ఏళ్లుగా మిరప సాగు చేస్తున్న రైతుగా నా సమాధానం: కలపకండి. ముందు అది ఏ ముడతో తేల్చుకోండి.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగు చేసే పై ముడత. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడ సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా మారితే అది తెల్లనల్లి వల్ల వచ్చే కింది ముడత. నల్లి ఎనిమిది కాళ్ల జీవి. సాలీడుకు బంధువే గాని కీటకం కాదు. అందువల్ల కీటకాలను చంపే ఇమిడాక్లోప్రిడ్ ఎంత పోసినా దానికి ఏమీ కాదు. ప్రొపార్గైట్ వంటి నల్లి మందు గాని, లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కలిసే గంధకం గాని వాడాలి. గంధకం బూడిద తెగులును కూడా అదుపు చేస్తుంది, అయితే తీవ్రమైన ఎండలో పిచికారీ చేస్తే ఆకు మాడుతుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగి చిన్నవైపోయి, మొక్క గిడసబారితే జెమిని వైరస్‌ను అనుమానించాలి. మొక్కలో చేరిన వైరస్‌ను చంపే మందు లేదు, దాన్ని మోసే తెల్లదోమను అదుపు చేసి, సోకిన మొక్కలను పీకివేయడమే మార్గం.

నేను ఉదయం పూట కొన్ని పూలు కోసి తెల్ల కాగితం మీద తట్టి చూస్తాను. నూలు పోగు ముక్కల్లాంటి సన్నని నల్లటి పురుగులు కాగితం మీద పరుగెడితే అది 2021లో మన మిరపను ముంచిన నల్ల తామర పురుగే. పూల లోపల దాగి ఉంటుంది కాబట్టి ఆకుల మీద మాత్రమే పడిన మందు దానికి చేరదు. ఒకే మందును వరుసగా కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది. ఫిప్రోనిల్, స్పైనోశాడ్ అనే మందులు పురుగు నరాల మీద వేర్వేరు చోట్ల పనిచేస్తాయి కనుక మార్చి మార్చి వాడాలి. చవకగా దొరికే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగు మందులను నేను గట్టిగా వద్దంటాను: అవి అక్షింతల పురుగుల వంటి మిత్ర పురుగులను చంపేస్తాయి, ఆ తర్వాత నల్లి మరింత విజృంభిస్తుంది.

డబ్బా మీది త్రిభుజం రంగు తప్పక చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. పిచికారీ చేసేవారికి విపరీతంగా చెమట పట్టి, నోట్లో నీరూరి, కళ్లు మసకబారితే వెంటనే బట్టలు మార్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అందులో ఉన్నది ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగు మందా కాదా అన్నది తెలిస్తేనే విరుగుడు అట్రోపిన్ ఇవ్వాలో లేదో వైద్యులు త్వరగా నిర్ణయించగలుగుతారు.