‘శరణార్థిని’ అనవచ్చా?

సందేహం: మాది చెన్నై, విల్లివాక్కం. ఒక సహాయ సంస్థ తెలుగు దాతల కోసం వేసే కరపత్రాన్ని అనువదిస్తున్నాను. శ్రీలంక తమిళుల క్యాంపులో, ఒళ్లో బిడ్డతో ఉన్న ఒకామె ఫొటో కింద ‘ముప్ఫై ఏళ్లుగా సాయం కోసం ఎదురుచూస్తున్న నిస్సహాయ శరణార్థిని’ అని రాశాను. మా నాన్నగారు ‘శరణార్థురాలు’ అనాలన్నారు. సంస్థవాళ్లు ‘దీర్ఘకాలిక శరణార్థి’ అని పెట్టమంటున్నారు. ఏది సరైనది? కరపత్రం మొత్తం, ఫొటోతో సహా పంపుతున్నాను.

సమాధానం: విద్యార్థి, విద్యార్థిని లాగానే శరణార్థిని అనడం సంస్కృతం ప్రకారం తప్పు కాదు. తెలుగులోకి వచ్చేసరికి చిక్కు వస్తుంది. ‘శరణార్థిని ఆదుకోండి’ అంటే ఆ ‘ని’ స్త్రీలింగానిదో, విభక్తిదో చదివేవారికి తెలియదు. ‘శరణార్థురాలు’ అసలు కుదరదు. బాధితుడు, బాధితురాలు అన్నట్టు ‘డు’ ఉన్నచోట ‘రాలు’ వస్తుంది. శరణార్థుడు అనే మాటే లేదు. ‘శరణార్థులు’ అన్న బహువచనాన్ని బట్టి నాన్నగారు అలా అనుకుని ఉంటారు. ‘శరణార్థి’ ఆడవారికీ మగవారికీ సరిపోతుంది, అదే ఉంచండి.

‘దీర్ఘకాలిక’ మాత్రం వద్దు. ఆ మాట వినగానే మనకు వ్యాధి గుర్తొస్తుంది. ఒకే దేశానికి చెందిన 25,000 మందికి పైగా 5 ఏళ్లు దాటినా పరాయి దేశంలోనే ఉండిపోతే, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ దాన్ని దీర్ఘకాలిక శరణార్థి పరిస్థితి అంటుంది. దీర్ఘకాలికమైనది పరిస్థితి. అనువాదంలో ఆ విశేషణం జారి మనిషి మీద పడింది.

ఇక ఫొటో. చాలాసేపు చూశాను. ఆమెకు ముప్ఫై ఏళ్లు దాటి ఉండవు. వెనక కుట్టుమిషను, దాని సూది కింద సగం కుట్టిన జాకెట్టు. మెడలో టేపు, దాని కొసను బిడ్డ పిడికిట్లో పట్టుకుంది. పని మధ్యలో బిడ్డను ఎత్తుకున్న మనిషిని మీ వాక్యం ‘ఎదురుచూస్తున్న’ మనిషిని చేసింది. 1983 నుంచి శ్రీలంక తమిళులు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. గుమ్మిడిపూండి, పుళల్ క్యాంపుల్లో పుట్టి అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు ఉన్నారు. శరణార్థికి మరో మాట ‘కాందిశీకుడు’. ‘కాందిశీక’ అన్న ఆ సంస్కృత పదానికి మూలం ‘ఏ దిక్కుకు పోను?’ అన్న ప్రశ్న. క్యాంపులో పుట్టినవాళ్లు ఏ దిక్కు నుంచీ పారిపోయి రాలేదు.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. జెన్నిఫర్ హైండ్‌మన్, వెనోనా జైల్స్ అనే పరిశోధకులు 2011లో దీని గురించే రాశారు. క్యాంపులో కదలకుండా ఉండిపోయినవారిని ఆడరూపంలో, నిస్సహాయులుగా చూపిస్తారనీ, సొంతంగా బయల్దేరినవారిని మగరూపంలో, ముప్పుగా చూపిస్తారనీ వాళ్ల వాదన. మన వార్తల్లో చూడండి. మహిళలు ‘ఆశ్రయం పొందుతారు’, యువకులు ‘చొరబడతారు’. వాళ్లు ఒకే ఇంటి తల్లీకొడుకులైనా అంతే. 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఇంగ్లీషు పాఠంలో శరణార్థికి వాడిన సర్వనామం ‘అతడు’. కరపత్రానికి వచ్చేసరికి ఆ స్థానంలో బొమ్మ ‘ఆమె’ది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. రెండో పేజీలో ‘డాక్టరుగారు వచ్చారు, ఆమె ఏడ్చింది’ అని రాశారు. ఏకవచనంలో స్త్రీకి ‘వచ్చింది’ అంటాం, గాలికీ ‘వచ్చింది’ అనే అంటాం. బహువచనంలోనే ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’ అవుతారు. ఈ చెన్నపట్నంలోనే పాఠాలు చెప్పిన పరవస్తు చిన్నయసూరి వ్యాకరణంలోనూ స్త్రీ ఏకవచనంలో పశువులూ వస్తువులూ చేరే ‘అమహత్తు’ వైపే ఉంటుంది. అందుకే మర్యాద చూపాలంటే మనం బహువచనం వాడతాం. డాక్టరుకు ఇచ్చిన ‘రు’ ఆమెకూ ఇవ్వండి. ఒకే వాక్యంలో సాయం చేసేవారికి ఒక క్రియ, పుచ్చుకునేవారికి ఒక క్రియ ఉంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

క్యాంపువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే నెలవారీ భత్యం దగ్గర కూడా ‘కుటుంబ పెద్ద అతనికి 1,500, మిగతా పెద్దవాళ్లకు తలా 1,000’ అన్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం పెంచిన మొత్తాలు అవే. కానీ ‘అతనికి’ అన్నది మీరు చేర్చిన మాట. ఈ ఫొటోలోని ఆమే ఆ ఇంటి పెద్ద కావచ్చు. అదే ఏడాది ప్రభుత్వం ఆ క్యాంపులకు శరణార్థి శిబిరాలన్న పేరు తీసేసి పునరావాస శిబిరాలని పేరు పెట్టింది. కరపత్రంలో అదీ సరిచేయండి.

ఫొటో కింద ఇలా వేయవచ్చు: ‘ఈమె ఈ క్యాంపులోనే పుట్టారు. జాకెట్లు కుట్టి ఇల్లు గడుపుతున్నారు. పౌరసత్వం ఇంకా రాలేదు.’ ఇది నేను ఫొటో చూసి అనుకున్నది మాత్రమే. ప్రతి మాటా ఆమెను అడిగి సరిచూసుకున్నాకే అచ్చుకు ఇవ్వండి. విల్లివాక్కంలో ఉంటున్నారు, తమిళంలో అడగడం మీకు కష్టం కాదు కదా.