బాబు బీపీకి నాన్న మాత్ర ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. ఎత్తు 145 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. మెడ వెనుక నలుపు ఎంత రుద్దినా పోవడం లేదు. రాత్రిళ్లు గురక పెడతాడు. మెడికల్ షాపులో చూపిస్తే బీపీ 138/88 వచ్చింది. మామగారికీ మావారికీ బీపీ ఉంది, ఇద్దరూ లావే. ఇది వంశపారంపర్యమా? జీన్ టెస్ట్ చేయిస్తే తెలుస్తుందా? ప్రస్తుతానికి మావారి టెల్మిసార్టాన్ మాత్రలో సగం ఐదు రోజులుగా ఇస్తున్నాం. – ఒక తల్లి, ఖమ్మం

సలహా: అమ్మా, మీరు అడిగింది జీన్ల గురించి. నాకు టెన్షన్ పుట్టించింది మాత్రం మీ చివరి వాక్యం. ఆ సగం మాత్ర ఈ రోజు నుంచే ఆపేయండి. అది చెడ్డ మందేం కాదు, కొందరు పిల్లలకు మేమూ ఈ రకం మందులు రాస్తాం. కానీ కిడ్నీ పరీక్షలు చూసి, డోసు లెక్కగట్టి రాస్తాం. బాబుకి వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజున ఇదే మాత్ర కిడ్నీలను దెబ్బతీయవచ్చు, రక్తంలో పొటాషియం పెంచవచ్చు. కిడ్నీకి వెళ్లే రక్తనాళాలు సన్నబడటం వల్ల కూడా పిల్లల్లో బీపీ వస్తుంది. అలాంటి పిల్లలకు ఈ మందు మరీ ప్రమాదం. పైగా మందు పడ్డాక చూస్తే బీపీ మామూలుగా కనిపించి డాక్టరూ పొరపడవచ్చు. వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్ తీసుకెళ్లి, ఎన్ని రోజులు ఇచ్చారో దాచకుండా చెప్పండి. తిడతారేమోనని చెప్పకుండా ఊరుకునే తల్లిదండ్రులు నాకు తరచూ కనిపిస్తారు.

ఇక ఆ 138/88 నిజమా అన్నది తేలాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. కఫ్‌లో గాలి నిండే భాగం చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టాలి. మొన్న నా ఓపీలో ఇలాంటి బాబుకే చిన్న కఫ్‌తో 136, పెద్దది మార్చి చూస్తే 118. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాక కుడిచేతికి చూడాలి, ఒకసారి కాలికి కూడా చూడాలి. నిజంగానే 138 ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. పెద్దవాళ్లకు అది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది గానీ, ఈ వయసుకి, ఈ ఎత్తుకి 120 దగ్గర్లోనే మేం జాగ్రత్తపడతాం. అందుకే వారంలోపే పిల్లల డాక్టర్‌కి చూపించండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్ లాంటివి వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వంశపారంపర్యం ఉంది, కాదనను. కానీ జీన్లు మీరనుకున్నట్టు పనిచేయవు. లావుతో సంబంధం ఉందని 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ జీన్‌నే తీసుకోండి. అందులో లావు పెంచే రకం అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చినా పెద్దవాళ్లలో సగటున పెరిగేది మూడు కిలోలే. బీపీ జీన్లు వందల్లో ఉన్నాయి, ఒక్కొక్కటీ కదిపేది ఒక పాయింటు కూడా ఉండదు. అసలు పని చేసేది ఒంట్లో పేరుకున్న కొవ్వు. కొవ్వు పెరిగేకొద్దీ కిడ్నీలు ఉప్పును వదలవు, రక్తనాళాలు బిగుస్తాయి. జీన్లు అవే ఉన్నా, కొవ్వు తగ్గితే బీపీ కూడా చాలామందిలో దిగుతుంది.

ఒక్క జీన్ పాడై లావయ్యే పిల్లలూ ఉన్నారు, అయితే చాలా అరుదు. వాళ్లు సాధారణంగా అయిదేళ్లలోపే విపరీతంగా లావవుతారు, ఎంత తిన్నా ఆకలి తీరదు. అలా ఉంటేనే జీన్ టెస్ట్ గురించి ఆలోచిస్తాం. హార్మోన్ లోపంతో లావయ్యే పిల్లలు ఎక్కువగా పొట్టిగా ఉండిపోతారు. మీ బాబు వయసుకి తగ్గ ఎత్తే ఉన్నాడు. కాబట్టి ప్రస్తుతానికి ఆ డబ్బు మూత్రపరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలకు పెట్టండి. కిడ్నీ స్కాన్ కావాలో లేదో డాక్టర్ చెబుతారు.

మెడ నలుపు మురికి కాదమ్మా, రుద్దకండి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. గురకని కూడా వదిలేయకండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే బీపీ పెరుగుతుంది, టాన్సిల్స్ చూపించాలి. ఉబ్బసానికో దురదకో ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఉంటే అదీ చెప్పండి.

పెరుగన్నంలో ఉప్పు, రోజూ ఆవకాయ, అప్పడాలు ఇంట్లో అందరికీ తగ్గించండి. బాబు ఒక్కడికే చప్పిడి పెడితే వాడు తినడు.

నేను బాబుని చూడలేదు. మీ ఉత్తరంలో ఉన్నదాన్ని బట్టే ఇదంతా రాశాను, తుది మాట చూసిన డాక్టర్‌దే. ఇంకొక్కటి: బాబుకి సగం ఇస్తున్నారంటే, ఈ ఐదు రోజులూ మీవారు మిగతా సగమే వేసుకున్నారా? అలా అయితే ఆయన బీపీ కూడా చూపించండి.