ఫ్యాన్ సంగతి ముందు డాక్టరుకు చెప్పండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అబ్బాయికి 19 ఏళ్లు, భీమవరంలో ఇంజినీరింగ్. సంక్రాంతికి వచ్చినవాడు మళ్లీ హాస్టలుకు వెళ్లలేదు. రాత్రంతా మెలకువే, స్నానం చెయ్యమంటే విసుక్కుంటాడు. కొబ్బరి దింపు రోజున వాళ్ల నాన్నతో కలిసి కాయలు లెక్కపెట్టేవాడు, ఇప్పుడు గది దాటి రావడం లేదు. ఫ్యాన్ తన గురించే ఏదో అంటోందని దాన్ని ఆపేసి, ఈ ఉక్కలో దుప్పటి ముసుగేసుకుని కూర్చుంటున్నాడు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు వచ్చే మానసిక జబ్బు) వచ్చినప్పుడు గాలి సోకిందని రెండేళ్లు గుళ్లూ మంత్రగాళ్లూ అంటూ తిప్పాం. మళ్లీ ఆ ఆలస్యం జరగకూడదు. రక్తంతో, జీన్ టెస్టుతో మానసిక జబ్బులు ముందే తెలిసిపోతాయని ఓ ల్యాబ్ వాళ్లు అంటున్నారు. చేయించమంటారా?
ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆ జీన్ టెస్టుకు డబ్బు పెట్టొద్దు. స్కిజోఫ్రీనియా ఉందో లేదో తేల్చే రక్త పరీక్ష ఇప్పటికైతే ఎక్కడా లేదు. షుగరైతే రక్తంలో ఎంతుందో కొలిచి చెప్పేస్తాం, దీనికి అలా కొలవడానికి ఒక్క పదార్థమంటూ దొరకలేదు. 2022లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనంలో ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు జన్యువుల్లో 287 బయటపడ్డాయి, ఒక్కోదాని వాటా చాలా చిన్నది, అన్నీ కలిపి చూసినా ఫలానా పిల్లాడికి వస్తుందో రాదో చెప్పలేం. మేనమామకు ఉంటే వచ్చే అవకాశం సుమారు నూటికి 3, 4. మిగతా 96 మందికి రాదు కదమ్మా.

మీరు విన్నది మతిమరుపు జబ్బు గురించి కూడా అయ్యుండొచ్చు. అల్జీమర్స్ నిర్ధారణలో సాయపడే రక్త పరీక్షకు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ 55 దాటి లక్షణాలున్న వాళ్లకే. మీవాడికి దానితో పనిలేదు.

అలాగని రక్త పరీక్షలే వద్దనడం లేదు. థైరాయిడ్, బి12, షుగర్, సోడియం డాక్టరు రాస్తే చేయించండి, వీటిలో తేడా వచ్చినా మనసు తల్లకిందులవుతుంది. మూత్రంలో గంజాయి పరీక్ష రాసినా తప్పుగా అనుకోకండి, హాస్టలు పిల్లల్లో ఆ మాట అడగక తప్పడం లేదు. ఇంకొకటుంది, 2007లో గుర్తించిన ఒక రకం మెదడు వాపు. ఒంట్లోని యాంటీబాడీలే మెదడు మీద పడతాయి, చూడ్డానికి అచ్చం పిచ్చిలాగే మొదలవుతుంది, వెన్ను నీరు తీసి పరీక్షిస్తే బయటపడుతుంది, వైద్యంతో చాలామంది కోలుకుంటారు. అందుకే రోజుల వ్యవధిలో మనిషి మారిపోయి జ్వరం, ఫిట్స్, ఒళ్లు బిగుసుకుపోవడం కనిపిస్తే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మందులు మొదలుపెట్టే ముందు బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూడటం కూడా అవసరమే, కొన్ని మందులతో అవి పెరుగుతాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. రిపోర్టులన్నీ నార్మల్ అని రాగానే "ఏమీ లేదంట" అని పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఆ రిపోర్టు చెప్పింది థైరాయిడ్ బాగుందనే, ఫ్యాన్ మాటలు ఎందుకు వినిపిస్తున్నాయో అది చెప్పదు. జబ్బును ముందుగా పట్టుకునేది మీరు ఉత్తరంలో రాసిన సంగతులే. నిద్ర ఎప్పటి నుంచి పోయింది, స్నానం ఎప్పుడు మానేశాడు, గదిలోనే ఉండిపోవడం ఎప్పుడు మొదలైంది, తేదీలు గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఇది స్కిజోఫ్రీనియానే అని నేను ఇక్కడి నుంచి అనలేను, కానీ ఈ లక్షణాలతో ఇన్ని నెలలు గడిచాయంటే ఇంకో వారం కూడా ఆగకూడదు. వైద్యం ఎంత తొందరగా అందితే అంత బాగా కోలుకుంటారు.

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈలోగా 14416కు ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వాడి నోట వస్తే ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు బయల్దేరండి.

రానని మొండికేస్తే ఫ్యాన్ మాట్లాడదని వాదనకు దిగొద్దు, అవునని ఒప్పుకోనూ వద్దు. "రాత్రిళ్లు నిద్ర లేక అల్లాడిపోతున్నావు నాన్నా, నిద్ర కోసం ఒకసారి చూపించుకుందాం" అనండి. వాళ్ల నాన్నను కూడా తోడు తీసుకెళ్లండి.