ఆర్‌ఎం కొట్టినా డిస్క్ ఎందుకు ఖాళీ కాలేదు?

గుంటూరు మిర్చి యార్డు కొట్టులో బిల్లింగ్ నడిచే లైనక్స్ మెషీన్ మీద 40 జీబీ లాగ్ ఫైలును (ప్రోగ్రామ్ తన పని వివరాలు రాసుకునే ఫైలు) ఆర్‌ఎం అనే ఫైళ్లు తీసేసే కమాండ్‌తో తీసేశారు, డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ మాత్రం ఇంకా 98 శాతం నిండిందనే చూపిస్తోంది. ఇదీ ప్రశ్న.

ఆర్‌ఎం చెరిపేది ఫోల్డర్‌లో ఉన్న పేరునే. కొట్టు ముందు బోర్డు పీకేస్తే లోపలి బస్తాలు కదలవు కదా! ఆ ఫైలుకు వేరే హార్డ్ లింక్ (అదే ఫైలుకు ఇంకో పేరు) ఉండకూడదు, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామూ ఉండకూడదు. అప్పుడే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) జాగా వదులుతుంది. ఫైళ్లు, ఫోల్డర్లు ఎంత జాగా తిన్నాయో చెప్పే డీయూ కమాండ్ పేర్లను బట్టి లెక్కేస్తుంది కాబట్టి ఆ 40 జీబీ దానికి కనపడదు.

ఎవరు పట్టుకున్నారో తెలియాలంటే సుడోతో (అడ్మిన్ అధికారంతో) ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే కమాండ్ కొట్టి, ఒక ఖాళీ వదిలి, ప్లస్ గుర్తు, పెద్ద ఎల్, 1 కలిపి రాయండి. చివర ‘డిలీటెడ్’ అని ఉన్న వరుసలో పీఐడీ, అంటే ఆ ప్రోగ్రామ్ నంబరు, ఉంటుంది. ఆ సర్వీసు రీస్టార్ట్ చేస్తే జాగా వచ్చేస్తుంది. వేలం టైములో ఆపలేమంటారా? అదే వరుసలో ఎఫ్‌డీ (తెరిచిన ఫైలుకిచ్చిన నంబరు) కింద ‘5డబ్ల్యూ’ లాంటిది ఉంటుంది; అందులో 5 నంబరు. నడిచే ప్రోగ్రాముల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లో ఆ పీఐడీ ఫోల్డర్, అందులో ఎఫ్‌డీ, అందులో 5. దాన్ని రూట్‌గా (పూర్తి అధికారంతో) ట్రంకేట్ చేయండి, అంటే సైజు సున్నా చేయండి.

ఇకపై నడుస్తున్న లాగ్ మీద ఆర్‌ఎం వద్దు. ట్రంకేట్, హైఫన్ ఎస్, 0, ఫైలు పేరు, అంతే. ప్రోగ్రామ్ అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైలు చివరే రాసే పద్ధతి) రాయకపోతే, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌లో సైజు మళ్లీ 40 జీబీ దాటి కనపడొచ్చు. కంగారు పడొద్దు, ముందున్నదంతా ఉత్త డొల్ల, డిస్క్ తినదు.