తేలిక కాంక్రీటు డెక్ వేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు.

వంతెనకు ఉక్కు గర్డర్ల (దూలాల) మీద తేలిక కాంక్రీటు స్లాబును డెక్‌గా వేయబోతున్నామని నీవు రాసిన ఉత్తరం అందింది. పెద్ద క్రేను నిలవడానికి చోటు దొరకని మన కొండవాగుల మీద ఆ ఎంపిక సరైనదే. మామూలు రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 2500 కిలోలు తూగుతుంది. బొగ్గు బూడిదను గుళికలుగా కాల్చి చేసిన తేలిక కంకరతో కలిపినది 1900 కిలోల దగ్గర ఉంటే, 200 మిల్లీమీటర్ల స్లాబులో చదరపు మీటరుకు 120 కిలోలు తగ్గుతాయి. ఆ ఆదా చూసి మురిసిపోయి, స్లాబును గర్డరుతో కలిపి పట్టి ఉంచే స్టడ్ల (గర్డరు మీద వెల్డు చేసే ఉక్కు మేకుల) సంఖ్యను పాత లెక్కకే వదిలేస్తావేమోనన్న భయంతోనే ఇంత రాస్తున్నాను.

క్యూబు పరీక్షలో ఎం40 (చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్ల) బలం వచ్చినా, తేలిక కాంక్రీటు స్థితిస్థాపక గుణకం (భారానికి ఆకారం మారకుండా ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే అంకె) మామూలుదానిలో 60 శాతమే ఉండవచ్చు. స్టడ్ చుట్టూ కాంక్రీటు నలిగిపోయే పరిస్థితిలో స్టడ్ సామర్థ్యం కాంక్రీటు బలం, గుణకాల లబ్ధపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కనుక, అది 77 శాతానికి పడిపోతుంది. అంటే పది స్టడ్లు చాలినచోట పదమూడు కావాలి. బరువు తగ్గింది కదా, స్లాబును గర్డరు మీద జరపాలని చూసే కోత బలం కూడా తగ్గుతుందిలే అనుకోవద్దు. కింద ఆధారాలు పెట్టకుండా పోస్తే పచ్చి స్లాబు బరువంతా గర్డరే మోస్తుంది, స్టడ్ల మీదకు ప్రధానంగా వచ్చేది తర్వాత నడిచే లారీల భారం, అది రవ్వంతైనా తగ్గలేదు. గుణకాన్ని పట్టికలోంచి తీసుకోక, మీ మిశ్రమంతోనే సిలిండర్లు పోసి కొలిపించు. వంపు లెక్కకూ, గర్డరుకు ముందే ఇచ్చే పైవంపుకూ (కాంబరు) అదే అంకె వాడాలి.

పోసే రోజు గర్డరు పై ఫ్లాంజ్ (పైనున్న వెడల్పాటి పట్టీ) పక్కకు ఒరగకుండా బ్రేసింగు (అడ్డకట్టు) బిగించి ఉందో లేదో నీవే చూసుకో.

కంకరను ముందురోజే నానబెట్టించు. ఒకసారి మా సైటులో పొడి గుళికలు పంపు ఒత్తిడికి నీళ్లు పీల్చేసుకుని గొట్టం మధ్యలోనే బిగుసుకుపోతే, సగం పోసిన స్లాబు పక్కన తెల్లవార్లూ నిలబడ్డాను.

వానాకాలంలో తడి ఫ్లాంజ్ మీద స్టడ్ వెల్డింగు చేయనివ్వకు. పని మొదలైన ప్రతి పూటా ఒకటి రెండు స్టడ్లను సుత్తితో 30 డిగ్రీలు వంచి చూడు; స్టడ్ మొదలు దగ్గర వెల్డులో పగులు కనిపిస్తే, సరిచేసేదాకా వెల్డరును ముందుకు కదలనివ్వకు.

ఇట్లు,
మామయ్య