పాపతో తెలుగులోనే మాట్లాడమ్మా

ఎనిమిది నెలల పాపతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలా, తెలుగులోనా అని రాజోలు నుంచి డాలస్ వచ్చిన చెల్లెమ్మ అడిగింది. తెలుగులోనే మాట్లాడమ్మా. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు, డేకేర్‌లో ఇంగ్లిష్ అదే వస్తుంది. నాకు గుబులు పుట్టించింది నువ్వు రాసిన ఇంకో మాట: "పొద్దస్తమానం నేనూ పాపే అక్కా."

2003లో అమలాపురం నుంచి న్యూజెర్సీ వచ్చాను. మరుసటి జనవరిలో బాబు పుట్టాడు. బయట మంచు, ఆయన ఆఫీసులో. పాలు పట్టడం, డైపర్ మార్చడం, నిద్రపుచ్చడం అన్నీ నోరు మెదపకుండానే చేసేదాన్ని. జవాబివ్వని పసివాడితో ఏం మాట్లాడతాం అనుకున్నాను. ఇల్లు బోసిగా ఉందని టీవీలో పిల్లల వీడియోలు పెట్టేదాన్ని. రెండేళ్లొచ్చినా వాడికి నాలుగు మాటలు రాలేదు. పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉంది. నా మౌనమే కారణమని ఏ డాక్టరూ అనలేదు కానీ, ఆ దిగులు నన్ను వదల్లేదు.

తర్వాత నాకు పాప పుట్టినప్పుడు కాన్పుకి మా అమ్మ వచ్చింది. పీట మీద కాళ్లు చాపి, పాపని కాళ్ల మీద పడుకోబెట్టి, నలుగు పెడుతూ ఒకటే మాటలు. "నా తల్లి ముక్కేదీ? ఇదిగో ముక్కు! బుగ్గేదీ?" అని సాగదీసి అడిగి, పాప "ఊఁ" అనేదాకా ఆగేది. అనగానే "అవునా అమ్మా, అలాగా!" అనేది. పక్కనే నిలబడ్డ మావాడు వారం తిరక్కుండా "ముక్కు" అన్నాడు.

పసిపిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే పట్రీషియా కూల్ బృందం సియాటిల్‌లో 2003లోనే తేల్చిందట: తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు మనిషి ఎదురుగా కూర్చుని చైనీస్ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుకున్నారు, అవే టీవీలో చూపిస్తే పట్టుకోలేదు. మాకు అమ్మ వచ్చాక గానీ తెలియలేదు. ఇప్పుడు మావాడు అమ్మమ్మతో గంటసేపు తెలుగులో మాట్లాడతాడు.

అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకి మాటలు ఆలస్యమైతే ఉచితంగా పరీక్షిస్తారు, వివరాలు మీ రాష్ట్రం సైట్లో చూసుకో. ముందు నీ ఒంటరితనం సంగతి చూడాలి. మేము కాలింగ్ కార్డులో నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్లం, మీకు వీడియో కాల్ ఉంది, వాడుకోవడమే తెలియడం లేదు. వేసవిలో అక్కడ రాత్రి ఏడంటే రాజోలులో తెల్లవారుజాము ఐదున్నర, మీ అమ్మగారు లేచే ఉంటారు. స్నానం వేళకి ఫోన్ గట్టు మీద ఆనించి పెట్టు. ఆవిడ "ముక్కేదీ?" అని అడగాలి, నువ్వు పాప ముక్కు మీద వేలు పెట్టాలి.